ఈలల బాట

నది కట్ట వెంట పొద్దుటి నుంచి ఇది మూడో ఇల్లు.
మొదటి ఇంట్లో మెట్ల వంపు చూపించారు,
రెండో ఇంట్లో ఇటలీ నుంచి ఓడెక్కి వచ్చిన పాలరాయి.
రెండు చోట్లా ఓజెల్లా అత్త కిటికీలు లెక్కపెట్టింది.
నలభై ఏళ్లు హోటల్ గదులు తుడిచిన మనిషి,
అద్దం ఎదురైతే ముందు దాని నాలుగు మూలలే చూస్తుంది.
"పనంతా మూలల్లోనే ఉంటుందిరా,
నడిమధ్య ఎవడైనా తుడుస్తాడు."

కారు నాది, దారి ఆమెది.
ఏసీ చెడిపోయి రెండేళ్లు.
ఆమె ఒళ్లో కాగితం సంచీలో
రోడ్డు పక్క ముసలాయన దగ్గర కొన్న ఉడికిన వేరుసెనక్కాయలు,
ఉప్పునీళ్లు ఓడుతూ, ఇంకా వెచ్చగా.
ఓక్ చెట్లకు వేలాడే నాచుని చూసి
"ఇన్నేళ్లయినా బూజు దులపలేదు వీళ్లు" అంది.

టిన్స్‌లీ అనే పిల్ల మమ్మల్ని లోపలికి తీసుకెళ్లింది.
గంపంత గౌను, దాని కింద టెన్నిస్ బూట్లు,
మెడ వెనక చెమటకాయలు.
కాలేజీ ఫీజుకి వేసవి కొలువట.
భోజనాల బల్ల మీద వేలాడే చెక్క పంకా చూపించి
ఏ చెట్టు చెక్కో చెప్పింది, ఎంత బరువో చెప్పింది,
ఎనిమిదేళ్ల పిల్లాడొకడు మూలన నిలబడి తాడు లాగేవాడని చెప్పింది.
"ఆ తాడు పాతదేనా?" అడిగింది అత్త.
"కాదండీ, అరిగిపోతే మార్చాం."
"అరిగే ఉంటుంది."

తర్వాత పెరటి గుమ్మం.
వంటిల్లు దూరంగా, నిప్పంటే భయం కదా.
మధ్యలో ఇటుకల బాట, చక్కగా ఊడ్చి ఉంది.
పళ్లేలు మోసేవాళ్లు దారి పొడుగునా ఈల వేయాలని దొరగారి కట్టడి అట.
"ఈల వేసే నోరు నమలలేదు కదండీ!"
టిన్స్‌లీ ఇది రోజుకి ఆరుసార్లు చెబుతుంది,
ఎక్కడ ఆగాలో ఆమెకు తెలుసు.
నవ్వారు కొందరు.
నేనూ నవ్వానేమో.
చెవి వినేలోపే మొహం నవ్వేస్తుంది ఒక్కోసారి.

అత్త నవ్వలేదు, కోప్పడనూ లేదు.
జనానికి ఎదురు నడిచి వంటింటి గడప దాకా వెళ్లింది,
వెనక్కి తిరిగింది,
సంచీ విప్పింది.

ఒక కాయ ఒలిచింది. గింజలు నోట్లో వేసుకుంది.
తొక్క కింద పడేసింది.

నా మేనత్త. బస్సు టికెట్ ముక్కైనా
మడిచి గుప్పిట్లో ఇంటికి తెచ్చుకునే మనిషి.

ఇంకో కాయ. ఇంకో అడుగు.
గడ్డం మీదికి కారిన ఉప్పునీళ్లు మోచేత్తో తుడుచుకుని
నింపాదిగా, బుగ్గ నిండుగా నములుతూ,
మోకాలి నొప్పికి ఒక పక్కకి ఒరుగుతూ,
సగం దూరంలో ఆగి,
ఆ సగంలోనే నాలుగు కాయలు తిని,
ఈలా లేదు, మాటా లేదు,
తడి తొక్కలు మాత్రం ఇటుకల మీద టప్, టప్.

నేను వంగబోయాను ఏరడానికి.
"వదిలెయ్" అంది, నోటి నిండా గింజలతో.

తలుపు వెనక చీపురు ఉంది.
నేను చూశాను, టిన్స్‌లీ చూసింది, అత్తా చూసింది.
ఎవరూ కదల్లేదు.
జనంలో ఒకాయన ఫోటో తీయబోయి
ఏం తీయాలో తెలీక ఫోన్ జేబులో పెట్టుకున్నాడు.

నాలుగో ఇంటికి టికెట్లు కొనే ఉన్నాయి.
చెరుకు తోటల మధ్య దాని బోర్డు వచ్చింది, పోయింది.
అత్త నిద్రపోతోంది, తల కిటికీకి ఆనించి,
ఖాళీ సంచీ ఒళ్లో అంటుకుపోయి.
నిద్రలోకి జారేముందు దేన్నో చూపించబోయి
అద్దం మీద చెయ్యి ఆనించినట్టుంది,
అయిదు వేళ్లూ, ఉప్పు మరకలు,
సరిగ్గా నడిమధ్య.

ఇల్లు చేరాక కారంతా కడిగాను.
ఆ ఒక్క అద్దం తప్ప.